నీలం అంచు బిళ్ల

పొయ్యి మీద జొన్న గట్క ఉడుకు పట్టకముందే రాజమల్లు కుట్టుమిషన్ చప్పుడు మొదలైంది. అమీర్‌పేట బాటకు ఆనుకుని ఉన్న ఆ పెంకుటింటికి ముందున్న అరుగే అతని దుకాణం. యుద్ధం పుణ్యమా అని కొత్త బట్ట దొరకడం గగనమైపోయింది. అందుకే జనం పాత కోట్లు తెచ్చి తిరగేసి కుట్టించుకుంటున్నారు. కుట్లన్నీ విప్పి, వెలిసిపోయిన ముఖం లోపలికీ, లోపలి ముఖం పైకీ వచ్చేలా మళ్లీ కుడితే కోటు కొత్తదవుతుంది. కాకపోతే ఎడమ రొమ్ము మీద ఉండాల్సిన జేబు కుడివైపుకు వస్తుంది. అది ఎవరైనా పసిగడతారేమోనని చేయి అడ్డం పెట్టుకుని నడిచేవాళ్లను రాజమల్లు భార్య అంజమ్మ రోజూ చూస్తూనే ఉంది.

కుట్లు విప్పే పని ఆమె మామ ఐలయ్యది. చూపు ఆనకపోయినా వేళ్లతో తడిమి దారం తెంపేవాడు. కోట్లకు ఒక్కోసారి పిన్నుతో గుచ్చుకునే రేకు బిళ్లలు ఉండేవి. జూబిలీ పండుగకు పంచినవి, యుద్ధ నిధికి చందా ఇచ్చినందుకు వచ్చినవి, ఏవో సభల్లో వాలంటీర్లు పెట్టుకున్నవి. "నువ్వే ఉంచుకో తాతా" అని కోటుగలవాళ్లు అంటే ముసలాయన మొహం వెలిగిపోయేది. సిరిసిల్లలో మగ్గం నేసిన రోజుల నుంచి దాచుకున్న నేతగుడ్డ మీద దాన్ని గుచ్చుకుని, వచ్చినవాళ్లందరికీ ఆ బిళ్ల కథ చెప్పేవాడు. గుండీ కుట్టించుకుందామని వచ్చినవాడు పూటంతా కూర్చుండిపోయేవాడు.

"మీ మామకు ఇంకిన్ని బిళ్లలు దొరికితే కొత్వాల్ సాబ్ అయితడే అంజమ్మా! జర సలాం కొట్టుడు నేర్చుకో" అని ఎదురింటి మంగవ్వ ఎగతాళి చేసినప్పుడల్లా అంజమ్మకు తల కొట్టేసినట్టయ్యేది.

ఆ పొద్దున రాజమల్లు దారపుండల కోసం పట్నం బజారుకు వెళ్లాడు. ఐలయ్య ఎవరిదో షేర్వానీ ఇచ్చి రావడానికి పంజాగుట్ట వైపు నడిచాడు. వాళ్లు అటు వెళ్లగానే గంప నెత్తిన పెట్టుకుని పోశవ్వ వచ్చింది.

"ఇనుమూ, రేకూ, పాత సామానుకు ఉల్లిగడ్డలే! ఓ అంజవ్వా, మూలకు పడ్డది ఏమన్న ఉంటె తియ్యరాదు?"

"మా ఇంట్ల ఏమున్నదే, దారం ముక్కలు తప్ప."

"రేకైనా సరే. గిప్పుడు రేకుకు మస్తు గిరాకున్నది."

ఉల్లిగడ్డ ఇంట్లోకి వచ్చి ఎన్నాళ్లయిందో. అంజమ్మ ఒక్క క్షణం నిలబడింది. లోపలికి వెళ్లి, చిలక్కొయ్యకు వేలాడుతున్న బిళ్లల గుడ్డను చుట్టచుట్టి తెచ్చి గంపలో పడేసింది. పీడ వదిలింది అనుకుంది. కొంగులో పోయించుకున్న ఉల్లిగడ్డల బరువుకు ఆమెకు హాయిగా కూడా అనిపించింది.

మధ్యాహ్నం ఐలయ్య పళ్లెం తుడిచినట్టు తిన్నాడు. "ఉల్లిగడ్డ పులుసు మంచిగైంది బిడ్డా. నీ చెయ్యి సల్లగుండ" అన్నాడు. అంజమ్మ చెంబు అందిస్తూ మొహం తిప్పుకుంది.

ఎండ వాలుతుండగా పంజాగుట్ట నుంచి అమృతమ్మ వచ్చింది. చనిపోయిన పెద్ద కొడుకు ఏసుబాబు కోటును, కొత్తగా కొలువులో చేరబోతున్న చిన్నకొడుకు కోసం తిరగేయించడానికి ఇచ్చిందామె.

"రాజమల్లూ, కోటుకొక బిళ్ల ఉండె తమ్మీ. నీలం అంచు, నడుమ నీళ్ల గిలాసు బొమ్మ. తీసుకునుడు మర్శిన."

"ఫికర్ చెయ్యకు తల్లీ, బిళ్లలు బాపు దగ్గర పైలంగ ఉంటయి" అన్నాడు రాజమల్లు.

"నా గుడ్డకే అంచుకు గుచ్చిపెట్టిన" అంటూ ఐలయ్య లేచాడు. "కోటుగలవాళ్లు అడిగేదాక అట్లనే పెడ్త." లోపలికి వెళ్లాడు. చిలక్కొయ్యను తడిమాడు. మంచం కింద, బట్టల మూటలో, మిషన్ సొరుగులో వెతికాడు. ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. "కొయ్యకే ఉండె... యాడ పెట్టిన్నో..."

"ఎవరికన్న చూపెట్టి అక్కడ్నే మర్శినవా బాపు?" రాజమల్లు గొంతు పెరిగింది.

"ఏమో బిడ్డా. పొద్దున పంజాగుట్టకు సుత తీస్కపోయిన్నా ఏమి?"

అంజమ్మ తలుపు చాటున నిలబడి అంతా వింది. చెప్పేద్దామని అడుగు ముందుకు వేసింది. ఎదురింటి గడపలో మంగవ్వ నిలబడి ఇటే చూస్తోంది. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

అమృతమ్మ అరుగు మీద కూలబడింది. "గది ఉత్త రేకు కాదు రాజమల్లూ. మా ఏసుబాబు తాగుడుకు పడి ఇల్లు గుల్ల చేసిండని అందరెరుగుదురు. మానిండని వాడకట్టుల ఎవ్వరికీ ఎరుక లేదు. మందిరంల అందరి ముంగట ఇగ తాగనని ప్రమాణం చేస్తె సంఘం వాళ్లు ఇచ్చిన బిళ్ల అది. మల్ల ముట్టుకుంటె వాపస్ ఇచ్చెయ్యాలె. నా కొడుకు జ్వరంతోని కన్ను మూసేదాక ఇయ్యలే. ఇప్పటికీ వాడకట్టుల తాగుబోతు ఏసు అంటరు. అన్నోళ్ల మొహాన ఆ బిళ్ల చూపెడితె నోరు మూస్తరనుకున్న. ఇగ ఏం చూపెట్టాలె నేను?"

రాజమల్లు సిగ్గుతో, కోపంతో కుతకుతలాడిపోయాడు. నలుగురూ నమ్మి బట్ట ఇస్తేనే దర్జీ బతుకు. ఆ కోపమంతా తండ్రి మీదకు తిరిగింది. "మంది సొమ్ము మన దగ్గర పోయిందంటె రేపు ఎవడిస్తడు బట్ట? చాలు బాపు! రేపటి సంది ఈ అరుగెక్కకు. సిరిసిల్లకు పో, తమ్ముని దగ్గర కూసో."

ఐలయ్య మొలలో దోపుకున్న కుట్లు విప్పే చిన్న కత్తిని తీసి జాగ్రత్తగా చాప మీద పెట్టాడు. "నిజమే కొడుకా. మతి నిలుస్తలేదు. ఇయ్యాల బిళ్ల పోగొట్టిన, రేపు బట్ట సుత ఖరాబు చేస్తనేమో."

అమృతమ్మ విప్పి ఉన్న కోటు ముక్కలను ఒళ్లోకి తీసుకుంది. రొమ్ము మీది మడత దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. గుడ్డంతా వెలిసిపోయి బూడిద రంగుకు తిరిగినా, బిళ్ల ఉన్నంత మేర మాత్రం గుండ్రంగా, నల్లగా, కొత్తగా ఉంది. దానికి ఎండ తగలలేదు. "చూసిన్రా, ఒక్కనాడన్న తీయలే నా కొడుకు" అని ఆ గుండ్రటి మచ్చను నిమురుతూ కూర్చుంది.

అంజమ్మ ఇక నిలబడలేకపోయింది. అరుగు మీదకు వచ్చి, అందరికీ వినబడేలా అంది: "మామ పోగొట్టలే. నేనే గంపామెకు ఏసిన. గుడ్డతోని సహ."

మిషన్ చక్రం మీద రాజమల్లు చేయి బిగుసుకుంది. "దేనికి?"

"ఉల్లిగడ్డలకు."

ఎదురింటి మంగవ్వ గడప దాటి ముందుకు వచ్చింది. మొగుడు కొడతాడేమో అనుకుంది అంజమ్మ. కొడితే బాగుండు అని కూడా అనుకుంది. అతను మాత్రం తండ్రి వైపు చూడలేక తల వంచుకున్నాడు.

ఐలయ్య మెల్లగా అడిగాడు: "అయితే నేను మర్వలేదా బిడ్డా? నిన్న ఆ కొయ్యకే పెట్టిన గద?"

"ఆ కొయ్యకే ఉండె మామా."

"అయితే నా మతి మంచిగనే ఉన్నది" అంటూ ముసలాయన గుండె మీద చేయి వేసుకుని ఊపిరి వదిలాడు. తిట్టలేదు. ఆ ఊపిరి విన్నాక అంజమ్మకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

బిళ్ల కోసం మామా కోడళ్లిద్దరూ పోశవ్వ ఉండే ఎర్రగడ్డ దాకా నడిచారు. ముందు అంజమ్మ, వెనక కర్ర పొడుచుకుంటూ ఐలయ్య. పోశవ్వ గుడిసె వెనక రేకు కుప్ప పోసి ఉంది. నేతగుడ్డ పోశవ్వ నెత్తి మీద చుట్టకుదురై ఉంది.

"గుడ్డ మంచిగుందని ఉంచుకున్న. రేకులంటవా, పొద్దుగూకేలోగ కొట్టి సాపు చేసి ఇమ్మన్నడు సేటు. సగం కొట్టుడయింది."

కొట్టిన కుప్పలో బిళ్లలు సుత్తి దెబ్బలకు అణిగిపోయి, బొమ్మలు పగిలి, ఏది ఏదో తెలియకుండా ఉన్నాయి. అంజమ్మ మోకాళ్ల మీద కూర్చుని కొట్టని కుప్పను చేతులతో కెలికింది. రేకు కోసి వేలు చిట్లినా ఆగలేదు. అడుగున నీలం అంచు కనబడింది. పిన్ను వంగింది గానీ నీళ్ల గిలాసు బొమ్మ చెక్కుచెదరలేదు. మామ బిళ్లల్లో మిగిలినది ఒక్కటీ లేదు.

పంజాగుట్టలో అమృతమ్మ గడప ముందు నిలబడి, వాడకట్టు ఆడవాళ్లంతా వింటుండగానే అంజమ్మ జరిగింది చెప్పింది. ఏసుబాబు ఆ బిళ్ల ఎందుకు పెట్టుకున్నాడో, ఎందుకు తిరిగి ఇవ్వలేదో కూడా చెప్పింది. అమృతమ్మ బిళ్లను కొంగుతో తుడిచి కళ్లకు అద్దుకుంది. "పో బిడ్డా, చీకటి పడ్తది" అని మాత్రం అంది. ఆ గొంతులో క్షమ ఉందో లేదో అంజమ్మకు తెలియలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

మళ్లీ ముందు అంజమ్మ, వెనక ఐలయ్య ఇంటిదారి పట్టారు. కొంతదూరం వెళ్లాక అంజమ్మ అంది: "మామా, బిళ్లల కథ చెప్పరాదు. ఏదైనా సరే, నేను వింట."

ఐలయ్య నోరు తెరిచాడు. కర్ర ఆపి నిలబడిపోయాడు. "తడిమితెనే యాదికొస్తుండె బిడ్డా. చేతుల లేకుంటె... ఏదీ ముంగటికి వస్తలేదు."

అంజమ్మ కళ్ల నుంచి నీళ్లు జారాయి. పొయ్యి ముందు కూర్చుని విసుక్కుంటూ విన్న మాటలను ఒక్కొక్కటిగా వెతుక్కుంది. "ఒకటి ఎర్రది ఉండె మామా. కుంకుమ రంగుది. అది పోస్టు జవాను కోటుది గద? పెండ్లాం పురిటికి పోతె, సెలవు దొరక్క..."

"పోస్టు జవాను యాడివాడు! కంపౌండరు" అన్నాడు ఐలయ్య ఠక్కున. "పెండ్లాం కాదు, చెల్లె. జర సరింగ ఇనలేదు నువ్వు."

"ఇనలేదు మామా" అంది అంజమ్మ, చిట్లిన వేలును కొంగులో దాచుకుంటూ. "మొదటి సంది చెప్పు."

"మా నేతగాళ్ల సభకు వచ్చిన కంపౌండరు..." అని మొదలుపెట్టాడు ముసలాయన. అతని కర్ర మళ్లీ కదిలింది. అంజమ్మ వెనక్కి వచ్చి అతని పక్కన, అతని నడకతోనే నడిచింది.