క్వారీ మలుపులో టక్... టక్

క్వారీ మలుపు పేరెత్తితే మా వీధిలో పెద్దవాళ్ళు కూడా మాట మార్చేస్తారు.

ఊరి బయట కొండ దిగే రోడ్డు అది. రాళ్ళ క్వారీ మూతపడి పన్నెండేళ్ళయింది. మలుపులో ఒక పాత తూకం గది మిగిలింది — తలుపు లేదు, కిటికీలకి రెక్కలు లేవు. చీకటి పడ్డాక సైకిల్ మీద అటు వస్తే పక్కనే ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు వినబడుతుందట. టక్... టక్... నువ్వు ఆగితే అదీ ఆగుతుందని కొందరంటారు. నువ్వు ఆగినా అది ఆగదని ఇంకొందరు. ఈ రెండో రకం వాళ్ళు ఆ దారిన మళ్ళీ వెళ్ళలేదు.

నాకిలాంటివాటి మీద నమ్మకం లేదు. మందుల షాపులో పని నాది. దెయ్యం పట్టిందని వచ్చినవాళ్ళలో సగం మందిని జ్వరం బిళ్ళలిచ్చి పంపించాను. కానీ దెయ్యం ఉంటే బాగుండునని ఏడ్చిన మనిషిని మాత్రం ఒక్కణ్ణే చూశాను. ఆయన మా బాబాయి.

బాబాయిది సైకిల్ రిపేరు షాపు. చేతిలో పనితనం ఎంతుందో నోట్లో గొప్పలు అంతకి నాలుగింతలు. "నా చేతిలోంచి వెళ్ళిన బండి చప్పుడు చేసిందంటే షాపుకి తాళం వేసి ఇంట్లో కూర్చుంటా!" — రోజుకొకసారి ఈ మాట అనకపోతే ఆయనకి అన్నం సహించదు.

ఆయన ప్రాణస్నేహితుడు బొమ్మల మాస్టారు. పగలు బళ్ళో డ్రాయింగు చెబుతారు. సాయంత్రం కొండ అవతల పెద్దవాళ్ళకి రంగులెయ్యడం నేర్పి, ఎనిమిదింటికి ఇల్లు చేరతారు. ఆయన మౌంటెన్ బైకు గేర్లు మాటిమాటికీ మొరాయిస్తుంటే బాబాయికి చిరాకేసింది. గేర్లన్నీ పీకి అవతల పారేసి, వెనక ఒకే ఒక్క పళ్ళచక్రం వేసి, ఒకే స్పీడు బండిగా మార్చేశాడు. కొత్త పెడళ్ళు కూడా తనే పెట్టాడు.

"గేర్లుంటే వంద చప్పుళ్ళు మాస్టారూ. ఇప్పుడు పిల్లి నడిచినట్టు వెళ్తుంది, చూడండి."

రెండు నెలలు అలాగే వెళ్ళింది. ఆ తర్వాత ఒక రాత్రి మాస్టారు క్వారీ మలుపులో పడిపోయారు. ఎడమ పెడల్ ఊడిపోయిందట. శరీరం బరువంతా కుడి చేతి మీద పడి మణికట్టు నుజ్జయింది. లోపల ప్లేటు వేసి ఏడు స్క్రూలు బిగించారు. ఆ వేళ్ళు మళ్ళీ కుంచె పడతాయో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు.

వీధి వీధంతా ఒకటే మాట — మలుపులో ఉన్నదే లాగేసిందని. బాబాయిని ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే నయమేమో. ఆయనే షాపు మూసేసి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"మీరు బిగించకుండా పంపుతారా ఎక్కడైనా? పాతికేళ్ళ పని!" అంది పిన్ని.

"పాతికేళ్ళ పని కాబట్టే గుర్తుండదు. మనసు ఎక్కడున్నా చెయ్యి దానిపాటికది చేసుకుపోతుంది. ఆ రోజు... చెయ్యలేదేమో."

మూడు వారాలు ఆయనకి కంటి మీద కునుకు లేదు. ఒక మధ్యాహ్నం నిద్రమాత్రల కోసం నా దగ్గరికి వచ్చాడు. చీటీ లేకుండా ఇవ్వనన్నాను. వెళ్ళలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మడూ... ఆ మలుపులో నిజంగా ఏదైనా ఉందంటావా?"

"నీకేమైనా పిచ్చా బాబాయ్?"

"ఉంటే బాగుండునే..." అంటూ కౌంటర్ మీద తల వాల్చేసి ఏడ్చాడు. దగ్గు మందు కోసం వచ్చినావిడ ఆ మందు మాటే మర్చిపోయి చూస్తూ నిలబడింది. నాకు సిగ్గేసింది, ఆ వెంటనే సిగ్గుపడినందుకు బాధేసింది.

ఆ సాయంత్రమే ఆయన, షాపులో పడి ఉన్న మాస్టారి బండికి కొత్త పెడళ్ళు వేశాడు. పిన్నికి చెప్పకుండా బయల్దేరాడు. ఇక్కడి నుంచి ఆయన చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

కొండ అవతల దాకా వెళ్ళి, మాస్టారు వచ్చే వేళకి, ఆ దారినే తిరిగి వచ్చాడు. లైటు వెలుగు నాలుగు బారల కంటే ముందుకి పోవడం లేదు. గాలి లేచింది. బండి పిల్లి నడిచినట్టే వస్తోంది. మలుపు మొదలైంది...

టక్.

బాబాయి తొక్కడం ఆపేశాడు. చప్పుడు పెడళ్ళదో చెయిన్‌దో అయితే తొక్కితేనే రావాలి. తొక్కడం ఆపితే ఆగిపోవాలి.

టక్... టక్.

సీటు మీంచి లేచి నిలబడ్డాడు. సీటుదైతే ఇప్పుడు ఆగాలి.

టక్.

హ్యాండిల్ మీంచి బరువు తీసేశాడు. బ్రేకు వదిలాడు, పట్టాడు, మళ్ళీ వదిలాడు. ఏం చేసినా దాని దారి దానిదే. చివరికి దిగిపోయాడు. బండిని గడ్డిలో పడుకోబెట్టి, తిరుగుతున్న చక్రాన్ని చేత్తో ఆపాడు. ఊపిరి కూడా బిగపట్టాడు.

టక్... టక్-టక్...

"నవ్వొచ్చిందే అమ్మడూ! ఒళ్ళంతా చెమట — అయినా నవ్వొచ్చింది. ఉంది! నేను కాదు!"

చీకటిలోకి చూస్తూ గుసగుసగా అడిగాడట — "మాస్టారిని పడేసింది నువ్వేగా? ఒక్క మాట చెప్పు... నువ్వేగా?"

సమాధానం తూకం గదిలోంచి వచ్చింది. టక్.

నేనైతే బండి అక్కడే వదిలేసి పరిగెత్తేదాన్ని. నమ్మకం లేనివాళ్ళకి పరుగు రాదని ఎవరన్నారు? కానీ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి పట్టుకోవడమే బాబాయి బతుకు. బండి లైటు ఊడదీసి చేత పట్టుకున్నాడు. ఒక్కో అడుగే వేస్తూ గడప దాటాడు.

లోపల దుమ్ము వాసన. ఎవరూ లేరు. ఇంకో అడుగు వేశాడు...

చల్లగా ఏదో నుదుటిని తాకింది.

చాలాసేపటికి లైటు పైకెత్తాడు. పైదూలానికి వేలాడుతున్న ఇనుప గొలుసు. రెండు మూరల ముక్క. గాలి వీచినప్పుడల్లా ఊగి, పక్కనున్న ఇనుప స్తంభానికి కొట్టుకుంటోంది. పిడికిట్లో పట్టుకున్నాడు — చప్పుడు ఆగింది. వదిలాడు — టక్.

ఊరంతటినీ వణికించిన దెయ్యం అదీ! బాబాయి అక్కడే కూలబడ్డాడు. దెయ్యం లేదని తెలిసి అంత దిగులుపడ్డ మనిషి ఇంకొకడు ఉండడు. దెయ్యం లేకపోతే తప్పు మళ్ళీ ఆయనదే.

చేతిలోంచి లైటు జారి నేల మీద దొర్లింది. వెలుగు ఎదుటి గోడ మీద పడింది.

గోడ మీద తెల్లగా... రెండు కొమ్ములు. వాటి కింద సన్నటి మెడ.

ఈసారి నిజంగానే గుండె ఆగినంత పనైంది. కళ్ళు నులుముకుని చూస్తే, సుద్దముక్కతో గీసిన బొమ్మ. కొమ్ములు కావు, సైకిల్ హ్యాండిల్. దాని మీద అడ్డంగా కొట్టివేత. పక్కన సీటు బొమ్మ, దానికీ కొట్టివేత. చెయిన్, దానికీ అంతే. ఆ గీత ఎవరిదో బాబాయికి వేరే చెప్పాలా?

మాస్టారికీ ఆ చప్పుడు వినబడేదన్నమాట. గదిలోకి వచ్చేసరికి గాలి పడిపోయేదేమో, గొలుసుదని తెలియక బండిదే అనుకున్నారు. వెళ్ళి చెబితే బాబాయి మొహం ఎక్కడ చిన్నబోతుందోనని, రోజూ అక్కడే ఆగి, సొంతంగా ఒక్కొక్కటే వెతుక్కున్నారు. మన గొప్పలు మనకి సరదాగానే ఉంటాయి. ఎదుటివాళ్ళ నోరు ఎలా కట్టేస్తాయో మనకి తెలియదు.

చివరి బొమ్మ ఎడమ పెడల్. దానికి కొట్టివేత లేదు. దాని ఇరుసు చుట్టూ, ఎటు తిప్పాలో చూపిస్తూ, గుండ్రంగా తిరిగిన బాణం. కింద రోజుకొకటి చొప్పున చిన్న గీతలు... పదిహేడు.

బాబాయి ఆ బాణాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత జేబురుమాలు తీసి గోడంతా శుభ్రంగా తుడిచేశాడు.

ఆ రాత్రి నాకు ఇంతవరకే చెప్పాడు. గోడ ఎందుకు తుడిచావంటే, పొద్దున్నే మాస్టారింటికి రమ్మని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం మాస్టారింటికి వెళ్ళాం. ఆయన మంచం మీద, కుడి చెయ్యి రెండు దిళ్ళ మీద. వేళ్ళు వాచి, అవి ఆయనవే కానట్టు ఉన్నాయి. మాస్టారి భార్య మంచం పక్కనే కూర్చుని ఉంది. బాబాయి కుర్చీ లాక్కుని కూర్చోగానే మాస్టారే గొంతు తగ్గించి మొదలుపెట్టారు.

"తమ్ముడూ, నీకో మాట చెప్పలేదు. ఆ బండికి చప్పుడు ఉండేది. నువ్వు బాధపడతావని నేనే ఎడమ పెడల్ బిగించుకుంటూ వచ్చాను. ఎంత బిగించినా చప్పుడు పెరిగిందే కానీ తగ్గలేదు."

ఆయన కళ్ళు దిళ్ళ మీదున్న చేతి వైపు తిరిగాయి.

"నిజం చెప్పు... ఈ చేత్తో నేనే ఏదైనా పాడు చేసుకున్నానా?"

బాబాయి కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"లేదు మాస్టారూ," అన్నాడు బాబాయి. "మీరు సరిగ్గానే బిగించారు. నేను పెట్టినప్పుడే మర సరిగ్గా ఎక్కలేదు. తప్పు నాది."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఎంతో కాలంగా బిగపట్టిన ఊపిరి వదిలినట్టు వదిలారు. ఎడమ చెయ్యి నెమ్మదిగా వెళ్ళి కుడి చేతి వేళ్ళని తడిమింది.

"నువ్వు పొరపాటు చేస్తావని కల్లో కూడా అనుకోలేదు తమ్ముడూ," అని గోడ వైపు తిరిగిపోయారు.

మాస్టారి భార్య లేచి నిలబడింది. "ఇక వెళ్ళండి. మళ్ళీ రావద్దు."

ఇద్దరం గేటు దాకా వచ్చాం. అక్కడ ఆగలేకపోయాను.

"అంటే నిజంగా నువ్వే సరిగ్గా పెట్టలేదా?"

బాబాయి గేటుకి ఆనించిన తన సైకిల్ దగ్గర గొంతుకూర్చున్నాడు.

"మందు సీసా మూత ఎటు తిప్పితే బిగుస్తుంది?"

చేత్తో గాలిలో తిప్పి చూపించాను. రోజుకి వందసార్లు చేసే పని.

"కదా! ఏ మరైనా అంతే, ఎవరైనా అటే తిప్పుతారు. సైకిల్ ఎడమ పెడల్ ఒక్కటే అటుదిటు. అది ఎదురు మర. మా పనివాళ్ళకి తప్ప ఎవరికి తెలుస్తుంది? నేను చెప్పాలి... చెప్పలేదు. మాస్టారి బాణం నీ సీసా మూత వైపే తిరిగి ఉందే అమ్మడూ."

చేతిని ఈసారి అటుదిటు తిప్పి చూసుకున్నాను.

"బిగిస్తున్నా అనుకుంటూ రోజుకింత విప్పుకున్నారు. వదులయ్యేకొద్దీ పెడల్ కూడా చప్పుడు చేస్తుంది. చప్పుడు చేసేకొద్దీ ఆయన ఇంకా తిప్పారు."

"మరి చెప్పొచ్చుగా బాబాయ్! ఇన్నాళ్ళూ దీనికోసమేగా చచ్చావు! ఆయనే విప్పుకున్నారని, నీ తప్పేం లేదని..."

బాబాయి గబుక్కున నా నోరు మూసేశాడు.

"మెల్లగా... ఆ చేత్తోనే కదా ఆయన మళ్ళీ గీయాలి."

ఆయన చూపు నా భుజం మీదుగా ఇంటి వైపు వెళ్ళి అక్కడే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూశాను.

కిటికీలో మాస్టారి భార్య. ఎప్పట్నుంచి నిలబడి ఉందో తెలియదు. మా ఇద్దరినీ చూసింది. లోపల మంచం వైపు ఒకసారి చూసింది. తర్వాత, చప్పుడు కాకుండా, కిటికీ రెక్కలు దగ్గరికి వేసుకుంది.