అరచేయంత మూల

“ఇదేంటండీ! శాలువా నీలంగా కదా ఉండాలి? ఇది బూడిద పూసుకున్నట్టుంది!”

పీణ్య పారిశ్రామికవాడలోని ఆ షెడ్డులోకి వస్తూనే శైలజ అన్న మొదటి మాట అది. చేతిలో పాత ఇటలీ చిత్రం ప్రింటు ఉంది. కిటికీ దగ్గర నీలి శాలువా కప్పుకుని, ఒడి నిండా నిమ్మపళ్లతో కూర్చున్న అమ్మాయి. దాన్నే ఇటలీ పద్ధతిలో జిప్సం పలక మీదికి ఎక్కించమని ఆర్డరిచ్చింది ఈ ఇంటీరియర్ డిజైనరే.

పలక మీద వంగి పనిచేస్తున్న శశిధర్ తలెత్తాడు. కోపం రావాలి, రాలేదు. వానకు తడిసిన ఆమె ముంగురుల్ని చూస్తూ ఉండిపోయాడు.

“ఈ పని ఇట్లే ఉంటాది మేడమ్. పలక మీద బొమ్మ చెక్కి, ఆ గుంటల్లో రంగు ముద్ద నింపినాము. రాయితో అరగదీస్తేనే అసలు రంగు బయటికొచ్చేది.”

“ఎన్నాళ్లు?”

“తొందరపెడితే చెడిపోతాది.”

“నాకు చాలా అర్జెంట్. ప్రతి శనివారం వచ్చి చెక్ చేస్తా!”

అన్నంత పనీ చేసింది. ఊరి ఆ చివరనున్న వర్తూరు నుంచి ఈ చివరికి ట్రాఫిక్‌లో పడి వచ్చి, “ఇంకా కాలేదా?” అని కసిరేది. ఆ కసురు కోసం శశిధర్ శుక్రవారం సాయంత్రమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు.

మూడో శనివారం ఆమే రాయి అందుకుంది. నీళ్లు చల్లి రుద్దుతుంటే బూడిదరంగు కింద నుంచి నీలం తొంగిచూసింది. “అబ్బ, ఎంత బాగుందో!” అని చిన్నపిల్లలా నవ్వింది. అంతే, శశిధర్ పని అయిపోయింది.

భయమూ అప్పుడే మొదలైంది. పలక పూర్తయితే ఆమె పట్టుకుపోతుంది. మళ్లీ పీణ్య ముఖం ఎందుకు చూస్తుంది? అందుకే మిగతాదంతా నిగనిగలాడేలా అరగదీసి, శాలువా అంచున అరచేయంత మూల మాత్రం అలాగే వదిలేశాడు.

ఆరో శనివారం మేస్త్రి వెంకటగిరియప్ప కంట్లో ఆ మూల పడింది.

“ఏమప్పా శశీ, అరగంట పని. రెండు వారాలుగా అట్లే ఉండాదే?”

గుమ్మంలో గొడుగు దులుపుతున్న శైలజ ఆ మాట విననే విన్నది. శశిధర్ చేతిలో రాయి కింద పెట్టాడు.

“తప్పు నాదే మేడమ్. ఇది అయిపోతే మీరు ఇంక రారని వదిలేసినా. మీరంటే నాకు ఇష్టం. మీ అర్జెంటు పని ఆపినందుకు ఏమన్నా పడతా.”

ఆమె గొడుగు మూలన పెట్టి, పలకకు అవతల పక్క కూర్చుంది.

“అర్జెంటేం లేదు.”

“ఆఁ?”

“క్లయింట్ ఇంటికి గోడలే లేవలేదు. తొందర లేదని మొదటి వారమే మెయిల్ పెట్టారు.” ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “నేనే... అర్జెంట్ అని చెప్పి వస్తున్నా.”

వెంకటగిరియప్ప మీసాల్లో నవ్వుకుంటూ లేచాడు. “వర్తూరు నుంచి పీణ్యకు నిమ్మకాయలు చూసేదానికి ఎవరొస్తారమ్మా? నిదానంగా చేసుకోండప్పా, నేను టీ చెప్పొస్తా.”

శైలజ రాయి తడిపింది. ఇద్దరూ చెరోవైపు నుంచి రుద్దారు. ఎంత మెల్లగా రుద్దినా మూల నీలంగా మారిపోయింది.

“అయిపోయిందే,” అన్నాడతను దిగులుగా.

“వచ్చే శనివారం మీరే మా ఇంటికి రండి. అమ్మకు చెప్తాను. చెక్ చెయ్యడంలో ఆమె నాకంటే స్ట్రిక్టు.”

ఆ శుక్రవారం శశిధర్ రెండు చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడు.