బొమ్మ కింద కార్డు

చిత్రకారిణి కుర్చీలో కూర్చుందే గాని చేతిసంచి మీద పట్టు వదల్లేదు. అందులోంచి ఒక కార్డు తీసి డిటెక్టివ్ ముందు పెట్టింది.

"కళ్ళజోడు లేకుండా మెట్లు దిగింది. ఊరూరా వెతకడం మానుకో."

అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి.

"ఇంటికి రానివాళ్ళు" అనే పేరుతో ఆమె ప్రదర్శన పెట్టి వారమైంది. అన్నీ తప్పిపోయినవాళ్ళ బొమ్మలే. చూడవచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని ఒకరితో ఒకరు మాట కలపవచ్చు, తోచింది కార్డు మీద రాసి బొమ్మ కింద గుచ్చవచ్చు. ఈ కార్డు తొమ్మిదేళ్ళ కిందట మాయమైన ఆమె అక్క బొమ్మ కింద దొరికింది.

"నాకు భయంగా ఉందండీ. బొమ్మలో అక్కకి కళ్ళజోడు పెట్టాను. నిజానికి మాయమైన రోజు పొద్దున పదింటికి అక్క దాన్ని రిపేరుకిచ్చింది. ఆ సంగతి షాపతను చెబితే నాకు తెలిసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

"మీ బావగారు పోలీసులకు ఏం చెప్పారు?"

"ఎనిమిదింటికే ఇల్లు వదిలి వెళ్ళింది, మళ్ళీ రాలేదు అని."

డిటెక్టివ్ లేచి కోటు తీసుకున్నాడు.

ప్రదర్శన హాలులో వెలుతురు బొమ్మల ముఖాల మీదే పడుతోంది. మిగతా అంతా చీకటి. కార్డులన్నీ మనిషి ఛాతీ ఎత్తున ఉన్నాయి. ఆ ఒక్క కార్డు ఉన్న చోటును హాలు మేనేజరు వంగి చూపించాడు. గుండుసూది గుచ్చిన బెజ్జం నడుము కన్నా కిందుంది.

"చిన్నపిల్లల పనేమో సార్," అన్నాడు డిటెక్టివ్ వెంట వచ్చిన అసిస్టెంటు.

"పిల్లల చెయ్యి ఇలా వణకదయ్యా," అని డిటెక్టివ్ మేనేజరు వైపు తిరిగాడు. "చిత్రకారిణిగారి బావగారు వచ్చారా?"

"మొన్న వచ్చారండీ. వాళ్ళమ్మగారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆయన బయట ఫోనులో ఉన్నంతసేపూ ఆవిడ ఈ బొమ్మనే చూస్తూ ఉన్నారు."

మర్నాడు తలుపులు తెరవకముందే డిటెక్టివ్ అందరినీ ఆ బొమ్మ ముందుకు రప్పించాడు. బావ తన తల్లి చక్రాల కుర్చీ వెనక నిలబడ్డాడు.

"కళ్ళజోడు రిపేరుకిచ్చాక ఆమెను చూసినవాళ్ళే ఇది రాశారు," అన్నాడు డిటెక్టివ్ బావతో. "అది కూడా మెట్లున్న చోట. మీ ఇంట్లో నేలమాళిగ ఉంది కదూ?"

"ఉంటే? మెట్లు లేని ఇల్లేదండీ?"

"నిజమే. కాని రాసిన మనిషి లేచి నిలబడలేదు. చెయ్యి అందినంత మేరకే గుచ్చింది. కుర్చీలోంచి కదలని మీ అమ్మగారు చూశారంటే, పది దాటాక మీ భార్య ఇంటికి తిరిగొచ్చినట్టే. దీన్ని మనం బెదిరింపు అనుకున్నాం. ఊరూరా వద్దంటే, ఇంట్లోనే వెతకమని. కొడుకు పెడితే తినే తల్లి అంతకన్నా ఏం రాయగలదు?"

"అమ్మకి మతి సరిగ్గా లేదు," అని బావ నవ్వబోయాడు. "పదమ్మా, పోదాం." కుర్చీ వెనక్కి లాగాడు.

ముసలావిడ రెండు చేతులతో చక్రాలను ఒడిసి పట్టుకుంది. "ఇన్నేళ్ళూ నువ్వెటు తోస్తే అటు వచ్చానురా. దాన్ని మెట్ల మీంచి తోసినవీ నీ చేతులే. ఇవాళ రాను."

బావ చేతులు జారిపోయాయి. అసిస్టెంటు వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

చిత్రకారిణి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూలబడింది. "అత్తయ్యగారూ, అక్క ఎక్కడుంది?"

"మెట్ల కింద గోడ ఉందే," అంది ముసలావిడ, "అది అప్పట్లో లేదమ్మా."