మేనత్త మీద రాసిన వ్యాసం

రండి బిడ్డా, అంత దూరంగా కూర్చుంటే నా గొంతు మీకు అందదు. చేతిలో ఫోన్లు కాసేపు పక్కన పెట్టి ఇటు జరగండి. నాకు పెద్ద చదువు లేదు, అక్షరాలు కూడబలుక్కుని పేరు రాసుకోవడం వరకే. అయినా ఒక పిల్ల ఒక వ్యాసాన్ని ఎట్లా రాసి, కొట్టేసి, మళ్లీ రాసిందో, దానివల్ల మా ఎదురింట్లో ఎంత గాలిదుమారం లేచిందో మీకు చెప్పాలి.

మాది రఘునాథపల్లి. ఎదురిల్లు శ్రీపాల్‌ది. పత్తి, వరి వేస్తాడు, నలుగురిలో మాట ఉన్నవాడు. భార్య సరోజన, ఒక్కతే కూతురు తనూజ. ఇంకో మనిషి అతని అక్క సుమన. భర్త పోయాక కురవిలోని అత్తవారింటి నుంచి తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. ఆమెకు పిల్లల్లేరు. తనూజను చంకనేసుకుని వాడంతా తిప్పింది ఆమెనే.

ఆ పొద్దుటికి సద్దుల బతుకమ్మ, అంటే పండుగ చివరి రోజు, దగ్గరపడింది. సుమన అరుగు మీద కూర్చుని గునుగు పువ్వు కొసలు కత్తిరించి రంగుల్లో ముంచుతోంది. వేళ్లన్నీ గులాబీ రంగు. మా వాడలో ఆమె పేర్చినంత అందంగా బతుకమ్మను ఎవరూ పేర్చలేరు. వంటింట్లో సరోజన నువ్వులు వేయిస్తోంది. తనూజ మాత్రం కాగితాలు పట్టుకుని అరుగుకూ వాకిలికీ మధ్య తిరుగుతూనే ఉంది.

“ఏందే, గట్ల కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్? చాయ్ సల్లారిపాయె,” అంది సరోజన.

“కూసుంటె తోస్తలేదమ్మా. నిలవడితె తోస్తలేదు.”

పిల్ల బాధ ఏమిటంటే, హైదరాబాద్‌లో జర్నలిజం చదవాలని దరఖాస్తు పెట్టింది. ‘మా ఇంట్లో మారాల్సిన ఒక ఆచారం’ అని వ్యాసం రాసి పంపాలట. దాన్ని చూసే సీటు ఇస్తారు. తనూజ ఒక వ్యాసం రాసి, జనగామ కాలేజీలో శ్రీలత మేడమ్‌కు చూపించింది. మేడమ్ కింద ఎర్ర సిరాతో ఇట్లా రాసిచ్చింది: “ఏడిపించావు కానీ ఒప్పించలేదు. మొదటి పేజీ అంతా పండుగ వర్ణనే, నువ్వు చెప్పదలుచుకున్న మాట మూడో పేజీలో దాక్కుంది. నీ మాట కాదనేవాళ్లు ఏమంటారో ఎక్కడా లేదు. అది కనుక్కుని, వరస మార్చి మళ్లీ రాయి.”

ఇంతకీ తనూజ ఏ ఆచారం గురించి రాసిందంటే, భర్త పోయిన ఆడవాళ్లను బతుకమ్మ ఆటకు దూరం పెట్టడం గురించి. ఎవరిని చూసి రాసిందో వేరే చెప్పాలా? కాగితాలు చంకన పెట్టుకుని వంటింట్లోకి వెళ్లి, గొంతు తగ్గించి అడిగింది.

“అమ్మా, అత్తమ్మను ఆటకు ఎందుకు తీస్కపోరు?”

సరోజన గరిటె ఆపింది. “అయ్యో, మేమెందుకు వద్దంటమే? ఆమెనే రానంటది. మోకాళ్లు నొస్తయ్ గద. పండుగ పండుగకు నూనె కాగవెట్టి రాస్త, జూస్తలేవా?”

నిజమే. ఏటా పండుగ వచ్చేసరికి సుమన మోకాళ్లు నొప్పి అంటుంది. సరోజన నువ్వుల నూనె వెచ్చచేసి మర్దన చేస్తుంది. ఒకసారి శ్రీపాల్ అక్కను బండి మీద జనగామ దవాఖానకు కూడా తీసుకెళ్లాడు. ఎముకలు గట్టిగా ఉన్నాయని చెప్పి పంపించారు. “వాతం చేసుంటదిలే” అనుకుంటూ అక్కాతమ్ముళ్లు ఇంటికొచ్చారు.

తండ్రిని అడిగినా అదే మాట. “అక్కకు ఇష్టం లేదు బిడ్డా. ఇష్టం లేనోళ్లను గుంజుకపోతమా?”

పిల్ల పరేషాన్ అయింది. కాదనేవాళ్ల మాట దొరికింది కానీ దానికి జవాబు దొరకలేదు. ఆమెకే ఇష్టం లేకపోతే ఇంక వాదించేది ఏముంది? మొదటి పేజీని చివర పెట్టింది. చివరిదాన్ని చింపేసింది. మళ్లీ ఆ ముక్కలే ఏరుకుంది. తెల్లవారి, అందరూ అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు ఏదో సాధించినట్టు ముఖం పెట్టుకుని వచ్చింది.

“బాపూ, అమ్మా, కొత్తగ రాసిన. ఇనుండ్రి.” గొంతు సవరించుకుని చదివింది. “మా మేనత్త సుమన పండుగనాడు చీకటి మూలన కూర్చుని కన్నీరు కారుస్తుంది. ఇటువంటి స్త్రీలు ఆటకు రావడానికి తమకే ఇష్టం లేదంటారు. అది వారి అజ్ఞానం. తమ సంకెళ్లను తామే నగలనుకుంటున్నారు…”

వెనకాల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. సుమన పప్పు తెచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

“ఎవలే మూలకు కూసుండి ఏడ్చింది?”

తనూజ కాగితాలు వెనక్కి దాచుకుంది.

“నువ్వు జూసినవా? మీరందరు పోయినంక నేను తలుపు దగ్గరికేసి టీవీ వెట్టుకుంట. సత్తుపిండి ముద్ద ఒకటి నోట్లెసుకుంట. ఏడ్సుడెక్కడిది? ఇగ అజ్ఞానమా! నీకు అ ఆలు దిద్దిచ్చిన చెయ్యి ఎవలదే?”

“అత్తమ్మా, నేను నీ కోసమే…”

“నా కోసమా? పట్నంల సీటు నాకిస్తరా?”

శ్రీపాల్ కంచం ముందునుంచి లేచాడు. “ఇంటి సంగతి కాయితం మీద వెట్టి ఊరూరు తిప్పుతవా? మా అక్కను ఏడిపిస్తున్నమని జెప్తవా నలుగురికి?”

“ఆమెను మేమేదో తోలేసినట్టు!” సరోజన గొంతు కీచుమంది. “నేను మోకాళ్లు వట్టిన దానికి గిదా ఫలితం?”

 సుమన లోపలికి పోయి సంచిలో చీరలు కుక్కుకుంది. పండుగ అయ్యేదాకా కురవిలో మరిది ఇంట్లో ఉంటానంది. తమ్ముడు చేయి పట్టుకుంటే విదిలించుకుంది. సరోజన గుమ్మానికి అడ్డం నిలబడితే పక్కనుంచి దాటుకుని పోయింది. బస్సెక్కితే తనూజ కూడా చెప్పుల్లేకుండా అదే బస్సెక్కింది. ఈ తర్వాతిదంతా సుమన నోట నేను విన్నదే.

జనగామ స్టేషన్లో కురవి దారిలోని మానుకోట వైపు పోయే ప్యాసింజర్ రైలు ఆలస్యమట. ఇద్దరూ ఒకే బల్ల మీద, మధ్యలో సంచి. సుమన పట్టాల వైపు చూస్తుంది, పిల్ల తన కాళ్ల వైపు చూస్తుంది. చివరికి తనూజే నోరు విప్పింది.

“అత్తమ్మా, తప్పు రాసిన. మన ఇంటి సంగతే, అయినా నిన్ను అడగకనే నీ మీద రాసిన. ఇప్పుడు అడుగుత. నిజంగనే నీకు ఇష్టం లేదా?”

 ఒక గూడ్సుబండి గడగడమంటూ పోయింది. అది పూర్తిగా పోయాక సుమన మెల్లగా మొదలుపెట్టింది.

“మీ మామ పోయిన మరుసటి ఏడాది. బతుకమ్మ నేనే పేర్చిన. పట్టుచీర గూడ కట్టుకున్న, నాకేం తెలుసు? వాడకట్టోళ్లు అందరొచ్చిండ్రు. మీ అమ్మ బతుకమ్మ తాంబాలం లేపుతదనుకున్న, లేపలే. కొంగు సర్దుకుంటది, మల్ల సర్దుకుంటది. ఒకామె దారం ముడి ఇప్పి మల్ల ఏస్తది. ఎవలు నా దిక్కు చూస్తలేరు. ఎవలు పోతలేరు. అప్పుడు సమజైంది నాకు. ‘మోకాళ్లు నొస్తున్నయ్, మీరు పోండ్రి’ అన్న. అంతే, అందరి మొకాల మీద దీపం వెట్టినట్టయింది. మీ అమ్మ నాకు ఆ పొద్దు రెండుసార్లు చాయ్ ఇచ్చింది.”

“మల్ల ఏడాది?”

“మల్ల ఏడాది ఎవలు ఆగలే. ‘వదినె, మోకాళ్లు ఎట్లున్నయ్?’ అన్నది మీ అమ్మ. ఇగ నొస్తున్నయనే జెప్పాలె గద! ఏడుపు రాలేదే నాకు. కోపమొచ్చింది. ఎవలు వద్దనకపాయె, ఒక్కలన్నా వద్దంటే కొట్లాడుదును.”

 తనూజ వెతుకుతున్న జవాబు ఇదే. ఆ ఇంట్లో ఎవరూ వద్దనలేదు. అందరూ ఎదురుచూశారు, అంతే. వద్దనే మాటను ఆమె నోటితోనే అనిపించి, అది ఆమె ఇష్టమని పేరుపెట్టారు.

“ఇది రాయొచ్చా అత్తమ్మా? వద్దంటే మొత్తం చింపేస్త. వేరేది రాస్త.”

సుమన పట్టాల మీంచి చూపు తిప్పి పిల్లను చూసింది. “రాయి. పేరు గూడ వెట్టు. గని మీ అమ్మను రాక్షసి లెక్క రాయకు. ఆమెకు గూడ చేతగాలే, వాడకట్టుకు భయపడ్డది. ఇగ పంపేముందుగాల నేను ఇనాలె.”

“మరి కురవికి పోతే ఎట్ల ఇంటవ్?”

“అదే గద పరేషాను. లే, బస్సు జూద్దాం. అయ్యో, నీ చెప్పులేవే మొద్దూ?”

పిల్ల ఇంటికొచ్చి తలుపేసుకుంది. ఈసారి పండుగ వర్ణనంతా తీసేసింది. సంకెళ్లు, నగలు, కన్నీళ్లు అన్నీ కొట్టేసింది. మూడో పేజీలో దాక్కున్న మాటను మొదటి వాక్యంగా పెట్టింది. తర్వాత కాదనేవాళ్ల మాట. ఆ తర్వాత ఆ సాయంత్రం, ఆ తాంబాలం, ఆ కొంగు సర్దుకోవడం. రాసినదాన్ని మళ్లీ అందరి ముందూ చదివింది.

“మా ఇంట్లో మా మేనత్తను బతుకమ్మ ఆటకు రావొద్దని ఎవరూ అనలేదు…”

“అది నిజం,” అన్నాడు శ్రీపాల్ ధీమాగా. చదువుతుంటే అతని తల వంగుతూ పోయింది. దవాఖాన సంగతి వచ్చేసరికి ఆగలేక అడిగాడు.

“అక్కా, నొప్పే లేకపోతే నా బండెక్కి అంత దూరం ఎందుకొస్తివే?”

“నువ్వు అంత పానం వెట్టి తీస్కపోతుంటె, అబద్ధం అని ఎట్ల జెప్పుదురా?”

అందరికీ నవ్వొచ్చింది, సరోజనకు తప్ప. ఆమె ముఖం ఎర్రబడింది. “నన్నే దొంగను జేసిండ్రు తల్లీకూతుళ్ల లెక్క మీ ఇద్దరు గలిసి!”

“దొంగవని రాయలేదమ్మా. ఆ రోజు ‘రా వదినె’ అని ఒక్క మాట ఎవలన్న అంటే సరిపోతుండె అని రాసిన.”

సరోజన విసురుగా లేచింది. వంటింట్లోకి పోయింది, గిన్నెలు ఒకదాని మీద ఒకటి వేసింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. చివరికి గుమ్మానికి ఆనుకుని కూలబడింది.

“నేను గప్పుడు దేవునికి మొక్కిన వదినె. నువ్వే రాననాలెనని. నువ్వు అనంగనే నా పానం నిమ్మళమైంది. నా తోడబుట్టినదానికైతే గట్ల మొక్కుదునా?” కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సుమన పక్కన కూర్చుని వీపు మీద చేయి వేసింది, కానీ ఏమీ కాదులే అనలేదు. అయింది కదా మరి, ఎందుకంటుంది?

సద్దులనాడు వాడకట్టు ఆడవాళ్లంతా ఆ వాకిట్లోకి వచ్చారు. నేనూ ఉన్నాను. సరోజన తాంబాలం ముట్టుకోలేదు. లోపలికి తిరిగి గట్టిగా పిలిచింది.

“వదినె, రా!”

 ఎవరో గొణిగారు, “ఏందే సరోజనా, ఎన్నడు లేనిది…”

“నేను పిలుస్తున్న. ఎవలకన్న తిప్పలుంటె ముందు నడువుండ్రి. మేము ఎనుక వస్తం.”

కొందరు నడిచారు, అబద్ధమెందుకు చెప్పాలి. చాలామంది నిలబడ్డారు. సుమన గడప దగ్గరికొచ్చి ఆగింది. ఈసారి అందరి కళ్లూ ఆమె మీదే. “జర ఆగుండ్రి, చీర మార్చుకొస్త,” అంది. ఆమె చీర మార్చుకునేదాకా సరోజన కదల్లేదు, కొంగూ సర్దుకోలేదు.

ఆటలో సుమన అడుగు మరిచిపోయింది. అందరూ వంగినప్పుడు లేస్తుంది, అందరి చప్పట్లూ అయిపోయాక ఆమె చప్పట్లు వినిపిస్తాయి. పక్కనున్న సరోజన అది చూసి, తన చప్పట్లు ఆలస్యం చేయడం మొదలుపెట్టింది. అటుపక్క తనూజ కూడా. చూస్తుండగానే వలయమంతా ఒక అర క్షణం నెమ్మదించి, సుమన చేతులతో కలిసింది.

సీటు సంగతి ఇంకా తెలియదు బిడ్డా, వస్తే చెప్తాను. మీరు మాత్రం ఇది మరిచిపోకండి. ఎవరింట్లోనైనా “మేమేం వద్దనలేదు, తానే రానంటది” అనే మాట వినబడితే, అక్కడే కూర్చుని ఈ కథ మొదటినుంచీ చెప్పండి. నేను చెప్పినట్టే చెప్పక్కర్లేదు, మీ నోటికొచ్చినట్టు చెప్పండి.