పెద్దోడి అట్ట

పొద్దున్నే పెద్దాయన వీధి వైపు గది తలుపులు తీసి, కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. ఆ గదే టైలరింగు దుకాణం. వెనక రెండు గదులూ వంటిల్లూ. పొయ్యి దగ్గర ఉన్న కోడలు కత్తెర చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉంది. చప్పుడు మొదలైంది. అత్తగారు కోడలి వంక చూసి తలాడించింది. ఇవాళ్టికి గండం గడిచింది.

కోడలి భర్త, పెద్దకొడుకు పోయాక ఆ ఇల్లు కత్తెర చప్పుడు మీదే నడుస్తోంది. వానలో బండి జారి రోడ్డు మీదే పోయాడు. పెద్దాయన చాలా రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. లేచి మళ్ళీ దుకాణం తీసిన రోజున అత్తగారు కోడల్ని పక్కకి పిలిచి, ఆయన ముందు కంటతడి పెట్టొద్దని చెప్పింది. కోడలు పెట్టలేదు.

పనిలో పెద్దాయనది ఒక పద్ధతి. పెద్దోడి కొలతలకి కోసిన అట్ట ఒకటి గోడ మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఎవరి చొక్కా అయినా ముందు ఆ అట్టని గుడ్డ మీద పెట్టి చుట్టూ సుద్దతో గీస్తాడు. లావుపాటి మనిషికైతే గీత బయట కోస్తాడు, సన్నటి మనిషికైతే లోపల. మావాడు ఊరందరికీ మధ్యరకం అని నవ్వేవాడు.

ఇప్పుడు కత్తెర గీత లోపలికి రావడం లేదు. కొలత సరిగ్గానే తీస్తాడు, కోసేటప్పుడు అట్ట గీత మీదే పోతాడు. సన్నటివాళ్ళ చొక్కాలు భుజాల మీంచి జారుతున్నాయి. మొదటిది తిరిగొచ్చినప్పుడు ఆయన స్నానానికి వెళ్ళి ఉన్నాడు. తెచ్చిన బడి మాస్టారు, తనకి పట్టని ఒళ్ళు తన చొక్కాకి పట్టిందని చెప్పి నవ్వాడు. ఈ సంగతి ఆయనకి తెలిస్తే కత్తెర కింద పెడతాడనీ, పెడితే ఇక లేవడనీ అత్తగారు భయపడింది. మరిదీ అదే అన్నాడు. ఆ రోజు నుంచి కుట్టిన చొక్కాలన్నీ ఇస్త్రీ పేరుతో లోపలికి వస్తున్నాయి. కోడలు వాటి చేతులు ఊడదీసి, భుజాలు కోసి, మళ్ళీ కుడుతోంది.

మరిది మర్నాడు కొత్త ఉద్యోగంలో చేరాలి. అతని కోసం కుట్టిన చొక్కా పట్టుకుని పెద్దాయన లోపలికి వచ్చాడు. మరిది అద్దం ముందు తొడుక్కున్నాడు. తండ్రిని కాస్త నవ్వించాలనుకున్నాడు.

"బాగుంది నాన్నా. ఇంకొకడికి కూడా చోటుంది ఇందులో."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. పెద్దాయన కొడుకు భుజాల వైపు ఒకసారి చూసి దుకాణంలోకి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి ఏ చప్పుడూ రాలేదు.

అత్తగారు ఆ చొక్కా విప్పించి కోడలికిచ్చి, సాయంత్రంలోగా తేల్చెయ్యమంది. కోడలు దాన్ని ఒళ్ళో పరుచుకుంది. భుజం మీద కుట్టుకి బ్లేడు ఆనించి, మళ్ళీ తీసి పక్కన పెట్టేసింది.

"ఇది నా వల్ల కాదు అత్తయ్యా."

"ఇన్ని చేశావు. ఇదొక్కటీ చెయ్యలేవా?"

"ఇన్ని చేశాను కాబట్టే చెయ్యలేను. వచ్చే ప్రతి చొక్కా మా ఆయన భుజాలతోనే వస్తోంది. చెయ్యి వేస్తే ఆయనే. రోజూ కూర్చుని నేనే కోస్తున్నాను. మావయ్య పడిపోకూడదు, నిజమే. నేను నిలబడి ఉన్నానో లేదో మీలో ఒక్కరైనా చూశారా?"

"మెల్లగా. ఆయన వింటారు."

"విననివ్వండి."

పెద్దాయన గుమ్మంలోనే ఉన్నాడు. వచ్చి చొక్కా అందుకున్నాడు. భుజం మీద జాన వేసి చూశాడు. మళ్ళీ వేశాడు.

"ఆ గీత లోపల కత్తెర పెట్టలేకపోతున్నానమ్మా. వాణ్ణే కోస్తున్నట్టుంటోంది. నువ్వెలా కోశావు?"

"కొయ్యమన్నారు. కోశాను."

ఆయన గడప మీద కూలబడ్డాడు. మరిది గోడకి ఆనుకున్నాడు. అత్తగారు కోడలి వైపు చూడలేక, పడి ఉన్న దారప్పోగులు ఏరుతూ కూర్చుంది. ఎవరిని ఎవరు పట్టుకోవాలో ఆ గదిలో ఎవరికీ తెలియలేదు.

చివరికి పెద్దాయన లేచాడు. చొక్కా మడిచి కోడలి ఒళ్ళో పెట్టాడు.

"దీన్ని విప్పకు. నీ దగ్గరే ఉంచుకో. చిన్నోడికి అట్ట లేకుండా కోద్దాం, రా. కొలత నువ్వు చెప్పు."

దుకాణంలో బల్ల మీద కొత్త గుడ్డ పరిచాడు. అట్ట మేకు మీదే ఉంది. కోడలు టేపు తీసుకుని మరిది వెనక నిలబడి, ఒక భుజం నుంచి రెండో భుజానికి సాగదీసింది. అంకె కనిపించింది. చెప్పబోయింది. టేపు పట్టుకునే ఏడ్చింది. ఇన్నాళ్ళకి, పెద్దాయన ముందు.

అత్తగారు "ఊరుకో" అనబోయి ఆగింది. వచ్చి టేపు రెండో కొస పట్టుకుంది. మరిది కదలకుండా నిలబడ్డాడు. అతని భుజాలు కూడా అదురుతున్నాయి.

పెద్దాయన సుద్ద చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"నిదానంగా చెప్పమ్మా. నువ్వు చెప్పాకే గీస్తాను."

"పదహారు," అంది చివరికి.

ఆయన గుడ్డ మీదికి వంగాడు. గీత వంకర పోయింది. అరచేత్తో తుడిచి మళ్ళీ గీశాడు.