ఉప్పు వేసిన కప్పు

“లేవండి. పెద్దావిడ నిలబడి ఉంది, కనిపించడం లేదా?”

కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి తలెత్తి చూసింది. కర్షియాకా రేవు నుంచి కొనాక్ రేవుకి వెళ్ళే సాయంత్రం ఫెర్రీ అది. బయట వాన పడుతుండటంతో పైన నిలబడాల్సిన జనమంతా లోపలికి వచ్చి ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

“కనిపిస్తోంది. కానీ నేను లేవలేను.”

“లేవలేరా, లేవరా?”

“మీకు ఏది నచ్చితే అది అనుకోండి.”

ఇల్కర్‌కి ఒళ్ళు మండింది. అతను ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేస్తాడు. కారుకి పడిన సొట్ట నిజంగా యాక్సిడెంట్‌లో పడిందా, లేక సుత్తితో కొట్టించుకుని వచ్చారా అని తేల్చడం అతని ఉద్యోగం. జీతం ఇవ్వకపోయినా ఆ పని చేసే రకం. ఇప్పుడూ అదే కంటితో ఆమెని పైనుంచి కిందిదాకా చూశాడు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, కళ్ళు చురుగ్గా ఉన్నాయి, నోరు అంతకంటే చురుగ్గా ఉంది. లేవలేని మనిషి అనడానికి ఒక్క ఆధారమూ దొరకలేదు.

“నాకేం ఫర్వాలేదులే బాబూ,” అంది పెద్దావిడ. ఆ గొంతులో ఫర్వా చాలానే వినిపించింది.

అమ్మాయి నిట్టూర్చి లేచి సీటిచ్చింది. ఇచ్చేసి, అందరూ చూస్తుండగా అక్కడే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, ఓ చిన్న పొట్లం విప్పి, అందులోని తెల్లటి పొడి నీళ్ళలో పోసి గడగడా తాగేసింది.

ఇల్కర్ నోరు ఊరుకోలేదు. “అదేమిటి?”

“విషం. మీలాంటి వాళ్ళ మధ్య బతకలేక.”

పెద్దావిడ “యా అల్లా!” అని గుండె మీద చెయ్యి వేసుకుంది. అమ్మాయి పకపకా నవ్వింది. ఆ నవ్వుకి ఇల్కర్ కోపం దిగిపోయింది. అనుమానం మాత్రం దిగలేదు.

*

మర్నాటి నుంచీ అదే ఫెర్రీలో ఆమె కోసం వెతికాడు. ఇది విచారణే తప్ప మరేమీ కాదని తనకి తాను చెప్పుకున్నాడు కూడా. చివరికి కనిపించినప్పుడు విచారణ అధికారి చేతిలో రెండు గెవ్రెక్ రొట్టెలు ఉన్నాయి, నువ్వులద్దినవి, ఇంకా వేడిగా.

ఆమె పేరు బెర్రిన్. తల్లి లేదు, నాన్నతో ఉంటుంది. టీవీ సీరియళ్ళకి సబ్‌టైటిల్స్ రాస్తుంది, అదీ మంచం మీద పడుకుని.

“పడుకుని చేసే ఉద్యోగమా?”

“నిలబడి అబద్ధాలు పట్టుకోవడం కంటే నయం.”

రేవు పక్కన చెట్ల కింద టీ దుకాణంలో కలుసుకోవడం అలవాటైంది. కలిసినకొద్దీ ఆ పిల్ల మీద ఇష్టం పెరిగింది, దానితో పోటీపడి అనుమానమూ పెరిగింది. ఆగస్టు ఎండలో ఊరంతా చెమటలు కక్కుతుంటే ఆమె కాళ్ళకి తొడలదాకా బిగుతైన మేజోళ్ళు వేసుకునేది. మజ్జిగలో ఉప్పుండగానే మళ్ళీ ఉప్పు కలుపుకునేది. అన్నిటికంటే వింత ఆమె చేతి గడియారం. నాలుగడుగులు నడిచారో లేదో అది కుయ్‌మనేది. ఆమె దాన్ని చూసి, మాట మధ్యలోనే ఆపి, “ఇక చాలు, కూర్చుందాం” అనేది.

“ఎవరు మెసేజ్ పెడుతోంది?” అని అడిగాడొకసారి.

“ఎవరో ఒకరులే,” అని మణికట్టు మీదికి చొక్కా చెయ్యి లాక్కుంది.

ఒక ఆదివారం ఇద్దరూ పాత బజారంతా తిరిగారు. ఆ తర్వాత రెండు రోజులు ఆమె ఫోన్ పలకలేదు.

“ఎందుకు ఆఫ్ చేశావ్?”

“నిద్రపోయాను.”

“రెండు రోజులా?”

“మధ్యలో ఓసారి మెలకువ వచ్చింది. నువ్వు గుర్తొచ్చావు. మళ్ళీ పడుకున్నాను.”

ఇల్కర్ తల్లి ముకద్దెస్‌కి ఈ సంగతి తెలిసింది. అనుమానం ఆ ఇంట్లో తల్లి వైపు నుంచే వచ్చింది కాబట్టి ఆవిడ ఆట్టే ఆలోచించలేదు.

“ఒరేయ్, రెండు రోజులు మాయమయ్యే పిల్లకి ఇంకో ఇల్లయినా ఉండాలి, ఇంకో మొగుడైనా ఉండాలి.”

“ఊరుకో అమ్మా,” అన్నాడే గానీ ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. ప్రేమించానని అర్థమైంది కూడా అప్పుడే. ఎవరో ముక్కూ మొహం తెలియని గడియారం వాడి మీద ఇంత కోపం ఊరికే రాదు కదా!

మర్నాడే చెప్పేశాడు. “మా అమ్మని తీసుకుని మీ ఇంటికి వస్తాను. నిన్ను నాకివ్వమని అడగడానికి.”

బెర్రిన్ మొహం వెలిగింది, అంతలోనే ఆరిపోయింది. “కాఫీ నేనే కలిపి తేవాలా?”

“ఇంకెవరు తెస్తారు? అడగడానికి వచ్చిన వాళ్ళకి పెళ్ళికూతురే కదా తెచ్చేది. నాకైతే ఆనవాయితీ ప్రకారం ఉప్పేసి మరీ ఇవ్వాలి. మొహం చిట్లించకుండా చివరి చుక్కదాకా తాగుతాను, చూడు.”

“అవును. నేనే తేవాలి,” అంది ఆమె, తనలో తాను చెప్పుకుంటున్నట్టు.

నేనంటే ఇష్టం లేదా ఈ పిల్లకి? ఇల్కర్ మెదడులో ఇంకో పురుగు దూరింది.

*

బెర్రిన్ నాన్న రెఫిక్ గారి ముందు గది చిన్నది. ఆయన తడబడుతూ పూలగుత్తి ఎక్కడో పెట్టి, చాక్లెట్ పెట్టె ఇంకెక్కడో పెట్టి, కుర్చీలు చాలక వంటింట్లోంచి ఎత్తయిన స్టూలు తెచ్చి ఇల్కర్‌ని కూర్చోమన్నాడు. బెర్రిన్ వచ్చి ముకద్దెస్ చెయ్యి ముద్దు పెట్టుకుని, నుదుటికి ఆన్చుకుని, రెండు నిమిషాలైనా నిలవకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాఫీ రాలేదు. వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. చేపల ధర గురించి మాట్లాడుకున్నారు. కాఫీ ఇంకా రాలేదు.

“గింజలు నాటి పెంచుతోందేమో,” ముకద్దెస్ కొడుకు చెవిలో అంది.

అప్పుడు వంటింట్లోంచి వినిపించింది, కుయ్... కుయ్... కుయ్...

ఈ రోజు కూడానా! ఇల్కర్ చేతులు కడుక్కుంటానని లేచాడు. ఈ రోజుతో తేలిపోవాలి అనుకుంటూ వంటింటి తలుపు తోశాడు.

పొయ్యి ఆపి ఉంది. పళ్ళెంలో కప్పుల నిండా కాఫీ, మీద చక్కటి నురగ. పక్కనే నేల మీద, కొత్త గౌను మడమల దగ్గర బిగించి పట్టుకుని, కాళ్ళు రెండూ గోడకి ఎత్తిపెట్టి వెల్లకిలా పడుకుని ఉంది పెళ్ళికూతురు. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

“తలుపు వెయ్యి,” అంది నీరసంగా. “మీ అమ్మ చూస్తుంది.”

“ఎవరు వాడు?” కంగారులో ముందు నోటికొచ్చింది అదే. “ఆ గడియారంలో ఎవరు?”

బెర్రిన్ గడియారం మీద వేలు పెట్టింది. “నా గుండె,” అంది.

“ఏమిటీ?”

“నిలబడితే రక్తమంతా కాళ్ళలోకి దిగిపోతుంది, తలకి ఎక్కదు. దాన్ని పైకి తోయడానికి గుండె పరిగెత్తుతుంది. మితిమీరితే గడియారం అరుస్తుంది. ఫెర్రీలో తాగిన ఉప్పు పొడి, మేజోళ్ళు, అన్నీ అందుకే. మూడేళ్ళ కిందట జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, అలసట పోలేదు. ఒక రోజు తిరిగితే రెండు రోజులు మంచం దిగలేను.”

“మరి డాక్టర్లు...”

“అందరూ నన్ను పడుకోబెట్టి చూశారు. పడుకుంటే నా గుండె బుద్ధిగానే ఉంటుంది. నీకేం లేదు, పెళ్ళి చేసుకో, అదే పోతుందన్నారు. ఒక్కావిడ మాత్రం నిలబెట్టి చూసింది.”

మేజోళ్ళు, ఉప్పు, మాయమైన రెండు రోజులు, ఫెర్రీలో నేల మీద కూర్చోవడం. ఇల్కర్‌కి అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చి సిగ్గేసింది. “నాతో ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు కంటికి కనిపించే సొట్టనే నమ్మవు. నా సొట్ట బయటికి కనిపించదు. ఇంకో మనిషిని నమ్మించే ఓపిక నాకు లేదు ఇల్కర్. నిజంగానే లేదు.” ఆమె కళ్ళలో నీళ్ళు చెవుల వైపు జారాయి. “ఇవాళ ఒక్కరోజు మామూలు పిల్లలా కాఫీ తెద్దామనుకున్నాను. పొయ్యి దగ్గర కూర్చోవడానికి నాకో స్టూలుంది. అది చూస్తే ఇక్కడ లేదు.”

“నేను... దాని మీదే కూర్చున్నాను.”

“నీకు నా సీటు మీదే కన్ను, మొదటి రోజు నుంచీ.”

ఏడుస్తూనే నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, గడియారం ఉన్న చెయ్యి అతనివైపు చాపింది. “చూసుకో. అంకెలు కనిపిస్తాయి. మూడేళ్ళవీ ఉన్నాయి. నిజమో అబద్ధమో నీకు తెలిసిపోతుంది.”

చూడాలనిపించింది. వేళ్ళు దురదపెట్టాయి. అన్నేళ్ళ అలవాటు మరి. ఇల్కర్ ఆ చెయ్యి పట్టుకుని, గడియారాన్ని ఆమె గుండెల మీద బోర్లించాడు.

“అక్కర్లేదు,” అన్నాడు. “నువ్వు చెప్పావు కదా.”

తర్వాత లేచి పళ్ళెం ఎత్తుకున్నాడు.

*

“ఇదెక్కడి చోద్యంరా! పెళ్ళికొడుకు కాఫీ తేవడమేమిటి?” ముకద్దెస్ అంతెత్తున లేచింది. “ఆ పిల్లకేమయింది?”

ఇల్కర్ కప్పులు అందిస్తూ చెప్పాడు. గుండె సంగతి, రక్తం సంగతి, స్టూలు సంగతి, ఏదీ దాచలేదు. రెఫిక్ గారు తల వంచుకున్నాడు. ఇంతకుముందు వచ్చిన వాళ్ళు సరిగ్గా ఇక్కడే లేచి వెళ్ళిపోయారని ఆ వంగిన తలే చెప్పింది. బెర్రిన్ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. ఇల్కర్ స్టూలు జరిపి ఆమెని కూర్చోబెట్టాడు.

“అంటే జబ్బు మనిషి,” అంది ముకద్దెస్ కళ్ళు చికిలించి. “లేక బద్ధకానికి పెట్టుకున్న పేరా?”

“అమ్మా!”

“నువ్వుండరా.”

ఇల్కర్ తన కప్పు నోటికి ఆన్చి ఉలిక్కిపడ్డాడు. తియ్యగా ఉంది! అతను బెర్రిన్‌ని చూశాడు. బెర్రిన్ అతన్ని చూడటం లేదు, ముకద్దెస్ చేతిలోని కప్పుని చూస్తోంది. ఏ కప్పు ఎవరిదో కలిపిన పెళ్ళికూతురికే తెలుసు, మోసుకొచ్చిన పెళ్ళికొడుక్కి ఏం తెలుస్తుంది?

ముకద్దెస్ ఒక గుక్క తాగింది. ఆవిడ మొహం బిగుసుకుపోయింది.

“అమ్మాయ్,” అంది కప్పు దించి. “ఇంత ఉప్పు నువ్వు రోజూ తాగుతావా?”

“ఇంతకంటే ఎక్కువే, అత్తయ్యగారూ.”

“ఇంకా అడగనే లేదు, అప్పుడే అత్తయ్యనా?” ముకద్దెస్ ఆ పిల్ల మొహంలోకి గుచ్చి గుచ్చి చూసింది. పాలిపోయిన పెదవులు చూసింది, స్టూలు అంచు పట్టుకున్న వేళ్ళు చూసింది. తర్వాత కప్పెత్తి, కనుబొమ్మ కూడా కదల్చకుండా, అడుగున మడ్డి కనిపించేదాకా తాగేసింది.

“ఉప్పు కాఫీ చివరిదాకా తాగితే ఒప్పుకున్నట్టు. అంతే కదా రెఫిక్ గారూ? తాగింది నేనే కాబట్టి మాట కూడా నాదే. అల్లా ఆజ్ఞతో, ప్రవక్త మాటతో మీ అమ్మాయిని మా అబ్బాయికి అడుగుతున్నాను. ముందు నాకో గ్లాసు నీళ్ళు. ఒరేయ్, నువ్వే తేవాలి. ఈ ఇంట్లో కాఫీ, నీళ్ళు ఇక నీ పనే.”

రెఫిక్ గారు కళ్ళు తుడుచుకుని తలూపాడు. ముకద్దెస్ తన వెనకున్న దిండు తీసి, ముందున్న చిన్న బల్ల మీద వేసి, బెర్రిన్ కాళ్ళ దగ్గరికి జరిపింది. “పైన పెట్టుకో. నన్ను చూసి మొహమాటపడకు.”

ఇల్కర్ నీళ్ళు తెచ్చి ఇచ్చి, బెర్రిన్ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎవరూ చూడటం లేదనుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

కుయ్... కుయ్...

“ఇప్పుడేమయింది?” ముకద్దెస్ గ్లాసు దించి అనుమానంగా అడిగింది. “కూర్చునే ఉన్నావుగా?”

బెర్రిన్ మొహం ఎర్రబడింది. “కూర్చునే ఉన్నాను,” అని గడియారం మీదికి గబగబా గౌను చెయ్యి లాక్కుంది.

ఇల్కర్ ఈసారి కూడా అంకెలు చూడలేదు.