రెండో బల్ల

ఆ ఆసుపత్రి రికార్డుల గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ ఫైళ్ళక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. గది నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. పట్టపగలైనా ట్యూబులైటే దిక్కు. పాత కాగితాల వాసనా, పైనుంచి దిగే ఫినాయిల్ వాసనా ఆవిడ బట్టలకు పట్టి ఇంటిదాకా వెళ్ళేవి.

సోమవారం పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టారు. పెట్టె మారితే పర్లేదు, లోపలి సిస్టమే వేరు. ఉన్న గుర్తులు లేవు, లేనివి వచ్చాయి. తిరగేసి తొడుక్కున్న చొక్కాలా ఉంది వ్యవహారం.

"ఫైలు మూసే గుర్తు ఇప్పుడు ఎడమ మూలకొచ్చింది," అన్నాడు కంప్యూటర్లు బాగుచేసే మేస్త్రి. "అలవాటుకొద్దీ కుడి మూల నొక్కారనుకోండి, మూసుకోదు. పక్క బల్ల మీదకి పోతుంది."

"పక్క బల్లేంటి?"

"ఇందులో నాలుగు బల్లలుంటాయక్కా. ఒకదాని మీద పని చేసుకుంటూ మిగతావి పక్కన పెట్టుకోవచ్చు. మీకు మొదటిది చాలు."

"ఉన్న ఒక్క బల్లే సర్దుకోలేక చస్తున్నా. ఇంకో మూడు నా నెత్తిన పెట్టావా నాయనా!"

మేస్త్రి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఉద్యోగంతో వచ్చిన అలవాటు అంతకంటే మొండిది. పని అవగానే ఫైళ్ళక్క చెయ్యి తనంతట తానే కుడి మూలకి పోయేది, నొక్కేది. ఫైలు సర్రున జారి తెర అంచు దాటి మాయమయ్యేది. ఆవిడ ఎడమ చేత్తో కుడిచేతికి ఒకటి తగిలించేది. అలా రెండు రోజుల్లో మూడు ఫైళ్ళు పోయాయి.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి, వాటిని వెనక్కి తెచ్చుకుందామని మొదటిసారి రెండో బల్ల తెరిచింది.

మూడూ అక్కడే ఉన్నాయి. ఒకే వరసలో, అంచులు కలిపి. ఆవిడ అలా పేర్చలేదు. ఒక్కోదాన్లో ఆఖరి గడి నిండి ఉంది. 'ముగిసింది' అని, పక్కన టైము.

రోగి చనిపోతే రాసే మాట అది. పైనుంచి కాగితం వచ్చాక ఈవిడే రాయాలి. ఆసుపత్రి మొత్తంలో ఆ గడి నింపే అధికారం ఇంకెవరికీ లేదు.

మూడో ఫైలు పద్నాలుగో మంచం ముసలాయనది. కాలు విరిగి చేరాడు, ఇంటికి పంపమని నిన్నే అందరితో పోట్లాడాడు. ఫైళ్ళక్క వార్డుకి ఫోన్ చేసింది.

నర్సు గొంతు తగ్గించింది. "పోయారు ఫైళ్ళక్కా. ఇప్పుడే, రెండూ యాభైకి. ఇంకా కాగితం కూడా రాయలేదు. మీకెవరు చెప్పారు?"

తెర మీద రెండూ యాభై అనే ఉంది.

మిగతా ఇద్దరి సంగతి అడగబోయింది. ఈలోగా నర్సే అంది, "అన్నట్టు, మీ చెల్లెలుగారి బ్లడ్ గ్రూప్ మాకు తెర మీద రావట్లేదు. నాలుగింటికి ఆపరేషన్ కదా, కాస్త ఎక్కించండి."

చెల్లెలు పొద్దున కడుపునొప్పితో వచ్చి మూడో అంతస్తులో చేరింది. అపెండిక్స్. ఈ రోజే తీసెయ్యాలి, ఆలస్యమైతే లోపలే చిట్లుతుందన్నాడు డాక్టరు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన పిల్ల. ఆ పిల్ల తప్ప ఫైళ్ళక్కకి నా అన్నవాళ్ళు లేరు.

మొదటి బల్లకొచ్చి చెల్లెలి ఫైలు తెరిచింది. గ్రూపు కొట్టింది. రెండుసార్లు సరిచూసుకుంది. ఎడమ మూల... ఎడమ మూల... అని గొణుక్కుంటోంది.

"ఎక్కిందా?" ఫోన్లో నర్సు.

"ఎక్కింది," అంటూనే చెయ్యి కుడి మూల నొక్కేసింది.

ఫైలు జారిపోయింది.

ఫోన్ పెట్టేసి రెండో బల్ల తెరిచింది. చెల్లెలి ఫైలు వరసలో నాలుగోదై కూర్చుంది. ఆఖరి గడిలో చిన్న గీత ఆరుతూ, వెలుగుతూ ఉంది.

టక్.

ము...

ఆవిడ చేతులు ఒళ్ళో ఉన్నాయి. చప్పుడు ఎదుటి గోడ అవతలినుంచి వచ్చింది. ఆ గోడ అవతల మట్టి తప్ప ఏమీ లేదు.

ఇంకో అక్షరం పడింది. తప్పు అక్షరం. చెరిగింది. చాలాసేపు ఏమీ లేదు. టక్... గి...

ఒంటివేలితో, అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటూ కొడుతున్నారు. అచ్చం సోమవారం తను కొట్టినట్టు. అవతలున్నవాళ్ళకి కూడా ఈ సిస్టమ్ కొత్త. పాతదాంట్లో వాళ్ళ చెయ్యి ఎంత వాటంగా ఆడేదో... ఇన్నేళ్ళూ ఆ గడులు తనే నింపుతున్నానని భ్రమపడింది ఫైళ్ళక్క.

"వద్దు," అంది గుసగుసగా. "అది నా చెల్లెలు."

గీత ఆగింది. విన్నట్టే ఆగింది.

టక్... సిం...

తీగ పీకేద్దామని వంగి, సగంలో ఆగిపోయింది. తెర ఆరితే తనకి కనపడదు, అంతే. అవతలి చెయ్యి ఎందుకు ఆగుతుంది? మౌస్ పట్టుకుని ఫైలుని ఎడమకి లాగింది. నిండు బిందెని ఈడ్చినంత బరువుగా కదిలింది. మొదటి బల్ల మీదకి వచ్చిపడగానే ఆ మూడు అక్షరాలూ చెరిగిపోయాయి.

వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఇందాక ఊపిరాడలేదక్కా. ఎవరో గుండె మీద కూర్చున్నట్టు... ఇప్పుడు పర్లేదు. ఏంటి, ఏడుస్తున్నావా? కోత నాకా, నీకా?"

ఫైళ్ళక్క నవ్వింది, ఏడ్చింది, మౌస్ వదిలి కళ్ళు తుడుచుకుంది.

ఫైలు కుడివైపుకి అంగుళం జరిగింది.

గబుక్కున పట్టుకుంది. ఆగింది. వేలు తీసి చూసింది. జరిగింది. మళ్ళీ పట్టుకుంది. ఇంతకుముందు ఆవిడ చెయ్యి పంపితేనే ఫైళ్ళు అటు పోయేవి. ఇప్పుడు వాళ్ళే లాక్కుంటున్నారు.

ఫోన్ మోగింది. ఎడమచేత్తో ఎత్తింది.

"ఫైళ్ళక్కా, మీ సంతకం కావాలి. అది లేనిదే లోపలికి తీసుకెళ్ళరట. డాక్టర్‌గారు కేకలేస్తున్నారు."

"కాగితం కిందకి పంపించమ్మా."

"ఎవరితో పంపను? నేనొక్కదాన్నే ఉన్నా. రెండు నిమిషాలు వచ్చి పొండి. మళ్ళీ నొప్పి ఎక్కువై మెలికలు తిరిగిపోతోంది, అక్కా అక్కా అని ఒకటే కలవరింత."

"వస్తున్నా," అంది ఫైళ్ళక్క.

లేవలేదు. మౌస్ మీది చెయ్యి తియ్యలేదు.

"ఫైళ్ళక్కా... వింటున్నారా?"

గోడ అవతల టక్... టక్... మని రెండుసార్లు వినపడి ఆగిపోయింది. తర్వాత చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి వెతుకులాట లేదు, తడబాటు లేదు. ఒక మనిషి రెండు చేతులతో కొడుతున్న చప్పుడు కూడా కాదది.

చాలా చేతులు.